యూదుల కొత్త నాటకాల స్టేజ్డ్ రీడింగ్‌లో చదవమన్నారు. ఎవరికైనా అనుభవం ఉందా?

రాక్‌విల్ కోడలు:

అందరికీ నమస్తే. మేరీలాండ్‌లో ఉంటాను. మా తెలుగు సంఘం ఉగాదికి, దీపావళికి వేసే నాటికల్లో చేస్తుంటాను. గయ్యాళి అత్త వేషం ఉంటే అది నాదే. పిల్లలు కాలేజీలకి వెళ్లాక ఊరికే కూర్చోలేక ఇక్కడి కమ్యూనిటీ థియేటర్‌లో టికెట్లు చూసే వాలంటీరుగా చేరాను.

ఇప్పుడు వాళ్లు వరసగా కొన్ని ఆదివారాలు కొత్త యూదు నాటకాలు చదివిస్తున్నారు. వెయ్యరు, చదువుతారంతే. ఒక నాటకంలో రంగసూచనలు (ఎవరు వచ్చారు, ఏం చేశారు అని స్క్రిప్టులో రాసేవి) నన్ను చదవమని డైరెక్టరమ్మ అడిగింది. దాంతో పాటు హాస్పిస్ నర్సు (చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే నర్సు) పాత్ర చిన్నదుంది, అదీ నువ్వే చెయ్యి అంది. సరేనని తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి స్క్రిప్టు తెరిచాక టెన్షన్ మొదలైంది. తొంభై పేజీల పైన ఉంది. రిహార్సల్ ఒక్కటే, అదీ ఆ రోజు పొద్దున్నే. మావారేమో "చూసి చదివేదానికి రిహార్సల్ ఎందుకు, న్యూస్ చదివినట్టు చదివెయ్" అంటున్నారు.

నా సందేహాలు ఇవీ. చేతిలో కాగితాలు పెట్టుకుని ఎంతవరకు నటించాలి? అక్కడక్కడ హీబ్రూ, యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) మాటలున్నాయి, నా నోట వింటే వాళ్లు నవ్విపోరు కదా? రచయిత్రి స్వయంగా హాల్లో కూర్చుంటుందట, తర్వాత ప్రేక్షకులతో చర్చ కూడా ఉందట. అందులో నేను మాట్లాడాలా? ఉత్త చేతులతో వెళ్లడం నాకు అలవాటు లేదు, కాస్త పులిహోర చేసి పట్టుకెళ్లొచ్చా?

ఇంకొకటి. ఇలాంటిది మన సంఘంలో కొత్త తెలుగు నాటకాలకి పెడితే ఎలా ఉంటుంది? వేసేవాళ్లు లేరని రాసేవాళ్లు రాయరు, కొత్తవి లేవని వేసేవాళ్లు పాతవే తిప్పి తిప్పి వేస్తారు.

చికాగో చలి:

నేను ప్రేక్షకుడిగా మాత్రమే వెళ్లాను, కాబట్టి చదవడం గురించి చెప్పలేను. న్యూయార్క్‌లో 2011లో మొదలైన జ్యూయిష్ ప్లేస్ ప్రాజెక్ట్ అని ఒకటుంది. డేవిడ్ వినిట్‌స్కీ అనే డైరెక్టరు మొదలుపెట్టారు. కొత్త నాటకాల పోటీ పెట్టి, వేర్వేరు ఊళ్లలో ఒక్కో నాటకం నుంచి ఇరవై నిమిషాల ముక్క చదివించి ప్రేక్షకుల చేతే ఓటు వేయిస్తారు. నాకు భలే నచ్చింది. అటక మీద పాత ఉత్తరాలు దొరకడం, బామ్మ రహస్యం బయటపడటం లాంటివి ఎదురుచూస్తూ వెళ్లాను. దానికి ఏ పోలికా లేని నాటకాలు విన్నాను.

గుమ్మం దగ్గర పోలీసో సెక్యూరిటీ మనిషో ఉంటే కంగారు పడకండి. 2018లో పిట్స్‌బర్గ్‌లో ఒక సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, కాల్పులు జరిగి 11 మంది చనిపోయాక చాలాచోట్ల అది మామూలైపోయింది. బ్యాగు చూపించాల్సి వస్తుంది, కొంచెం ముందే వెళ్లండి.

తెరచాటు మనిషి:

అమ్మా, మీకు దొరికింది మంచి పని. నాది తెనాలి. కుర్రతనంలో పరిషత్తు నాటకాలకి సైడ్ వింగులో నిలబడి ప్రాంప్టింగ్ అందించేవాణ్ణి. ఇప్పుడు క్లీవ్‌లాండ్ శివార్లలో, బీచ్‌వుడ్ పక్కన ఉంటున్నాను. యూదు కుటుంబాలు బాగా ఉన్న ప్రాంతం. ఇక్కడ మా థియేటర్‌లో ఏటా ఇలాంటి రీడింగులు పెడతారు, నాకిచ్చేది ఎప్పుడూ రంగసూచనలే. నా యాస చూసి పాత్రలివ్వడం లేదని మొదట్లో లోపల్లోపల గింజుకున్నాను. ఇప్పుడు ఇస్తానన్నా వద్దంటాను. చదివేవాళ్లందరి తలలూ స్క్రిప్టులో ఉంటాయి, హాలు తీరుబడిగా కనిపించేది మన ఒక్కరికే.

ముందు మీవారికి జవాబు. న్యూస్ చదివినట్టు చదివితే నాటకం అక్కడికక్కడే చస్తుంది. అలాగని మన సంఘం నాటికలో చేసినట్టు చేసినా చస్తుంది. ఆకాశవాణి నాటకాలు విని పెరిగిన వయసైతే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. వాచికం పూర్తిగా ఉండాలి, ఆంగికం సగానికి సగం తగ్గాలి, ఆహార్యం అసలే లేదు. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా. కుర్చీలు వరసగా వేస్తారు, ముందు మ్యూజిక్ స్టాండ్లు పెడతారు. తన సీను వచ్చినప్పుడు లేచి స్టాండు దగ్గరికి వస్తారు, అయిపోగానే వెళ్లి కూర్చుంటారు. కమ్యూనిటీ థియేటర్‌కి వేరే హాలు ఉండదు కాబట్టి అప్పటికి ఆడుతున్న నాటకం సెట్టు వెనక అలాగే ఉంటుంది. ఒకసారి చావింటి నాటకం మొత్తం హత్యానేరం మిస్టరీ సెట్టు ముందు చదివాం. గోడ మీద తుపాకులు వేలాడుతున్నాయి. అయిదు నిమిషాలయ్యాక ఎవరికీ అవి కనిపించలేదు.

రిహార్సల్ ఒక్కటేనా అని బెంబేలు పడొద్దు. యూనియన్ నటులతో చేసే పెద్ద రీడింగులకి కూడా రిహార్సళ్లు, ప్రదర్శన అన్నీ కలిపి 29 గంటలు దాటకూడదని ఈక్విటీ అనే నటుల యూనియన్ నిబంధన ఉంది. దాని పేరే 29 గంటల రీడింగ్. మనలాంటి వాలంటీర్లకి ఆ నిబంధన వర్తించదు, డబ్బూ ఉండదు. కాఫీ ఇస్తారు. పేజీకి నిమిషం లెక్కన వేసుకోండి, మీది గంటన్నర నాటకం.

స్క్రిప్టుని మూడు రింగుల బైండర్‌లో పెట్టుకోండి. పిన్నులు కొట్టిన కాగితాలు మైకు ముందు తిప్పితే వాన కురిసినంత చప్పుడు. మీ పాత్ర మాటలకి ఒక రంగు, రంగసూచనలకి ఇంకో రంగు పూయండి. పేజీ చివర వాక్యం విరిగిపోతే ఆ మిగిలిన రెండు మాటలూ కింద పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను మాత్రం వద్దు, ఆ రోజు పొద్దున రచయిత్రి సగం కొట్టేస్తుంది.

రంగసూచనలన్నీ చదవరు. "ఆమె కళ్ల నీళ్లు తుడుచుకుంటుంది" అని మీరు చదివేసరికి పక్కనున్న నటి ఆ పని చేసేసి ఉంటుంది, మీరు చదివితే నవ్వొస్తుంది. ఫోను మోగడం, తలుపు కొట్టడం, ఒకడు చెప్పకుండా బయటికి వెళ్లిపోవడం మాత్రం చదవాల్సిందే. లేకపోతే వింటున్నవాళ్లకి కథ అందదు. ఏవి ఉంచాలో ఏవి తీసెయ్యాలో రిహార్సల్‌లో తేలుస్తారు. మీ గొంతులో ఏ పాత్ర మీదా జాలి గానీ కోపం గానీ పలక్కూడదు. చిట్టచివర "లైట్లు ఆరతాయి" అన్నది కాస్త నిదానంగా, గొంతు దించి చదవండి. నిజం లైట్లు వెలుగుతూనే ఉంటాయి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో హాలుకి తెలిసేది మీ వల్లే.

ఒక్క మాట కూడా కలపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మనవాళ్ల సంగతి నాకు తెలుసు. చప్పట్లు పడ్డాయంటే చాలు, లేని డైలాగు ఇంకో రెండు పుట్టించి అందుకునే జాతి మనది. ఇక్కడ రాసినవాళ్ల అనుమతి లేకుండా ఒక్క పదం మార్చకూడదన్నది అందరూ పాటించే కట్టుబాటు. రీడింగ్ పెట్టేదే వాళ్లు రాసింది వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో తెలియడానికి. లైను బాగా లేకపోతే బాగా లేనట్టే వినిపించాలి. మంచి నటుడు చెత్త లైనుని లాక్కొచ్చి నిలబెడితే ఆ రచయిత దాన్ని అలాగే ఉంచేసుకుంటాడు.

పైన చెప్పిన చావింటి నాటకంలోనే అన్నదమ్ములు షివా కూర్చుంటారు. దగ్గరివాళ్లు పోతే ఏడు రోజులు ఇల్లు కదలకుండా, పొట్టి పీటల మీద కూర్చుని దుఃఖం పాటించడం. అద్దాలకి గుడ్డ కప్పుతారు. పెద్దకొడుకు తల్లి ఫ్రీజర్ తెరిచి, ఆవిడ తేదీ రాసి పెట్టిన సూపు డబ్బాలు చూసి, "ఇందులో ఆఖరిది ఎవరు తినాలి" అంటాడు. రాసినాయనకి అది గుండెలు పిండే లైను. హాలంతా ఘొల్లున నవ్వింది. నేను తలెత్తి చూశాను. ఆయన వెనక వరసలో కూర్చుని ఏదో గబగబా రాసుకుంటున్నాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ నవ్వుతూనే పర్సులో రుమాలు వెతుక్కుంటోంది. తర్వాత వచ్చిన ప్రతిలో ఆ లైను అలాగే ఉంది. దాని వెనక ఉన్న ఏడుపు పేజీ మొత్తం ఎగిరిపోయింది.

ఇక చర్చ. అదే అసలు తిరకాసు. అదే నాటకం అయ్యాక ఒకాయన లేచి, కోడలు పొట్టి పీట మీద ఎందుకు కూర్చుంది, ఆవిడకి ఆ నియమం లేదు కదా అన్నాడు. నిజమే, ఆ ధర్మం తల్లిదండ్రులకి, పిల్లలకి, తోడబుట్టినవాళ్లకి, భార్యాభర్తలకి. ఇంకొకావిడ మా ఇంట్లో కోడళ్లు కూర్చున్నారు అంది. అంతే, మనిళ్లలో ఎవరికి ఎన్ని రోజులు మైల అని పెద్దవాళ్లు కొట్టుకున్నట్టే కొట్టుకున్నారు. రచయిత రెండో అంకం గురించి అడుగుదామని కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాడు పాపం, ఆయన వంతు రాలేదు. ప్రేక్షకుల్లో సగం మందికి ఆ జీవితం రాసినాయన కంటే బాగా తెలుసు. అది వరమే, కానీ పగ్గం వెయ్యకపోతే నాటకం పక్కకి పోతుంది.

ఆ తర్వాత నుంచి మా దగ్గర లిజ్ లెర్మన్ పద్ధతి పాటిస్తున్నారు. ఆవిడ నృత్య కళాకారిణి. ఆవిడ పెట్టిన డాన్స్ ఎక్స్చేంజ్ అనే నృత్య బృందం చాలా ఏళ్లు మీ మేరీలాండ్ టకోమా పార్క్‌లోనే నడిచింది. ముందు, ఏది మనసుకి తగిలిందో ప్రేక్షకులు చెబుతారు. తర్వాత రచయిత అడుగుతాడు. ఆపైన ప్రేక్షకులు అడగొచ్చు, ప్రశ్నలో తీర్పు దూర్చకూడదు. ఆఖర్న, "ఫలానా దాని మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా" అని అడిగి, సరేనంటేనే చెప్పాలి. వినడానికి చాదస్తంగా ఉంటుంది. పని చేస్తుంది. మీరు మాట్లాడక్కర్లేదు, నీళ్లు తాగుతూ కూర్చోండి.

ఉచ్చారణ గురించి భయం అక్కర్లేదు. గొంతులోంచి వచ్చే ఆ "ఖ" మీకు కొత్త కాదు, పాతబస్తీలో "ఖైరియత్" అడిగేవాళ్ల నోట విన్నదే. స్క్రిప్టులో వాళ్ల శనివారపు విశ్రాంతి రోజుని షబ్బోస్ అని రాసి ఉంటే షబ్బాత్ అని దిద్దకండి. ఆ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చినవాడో ఆ పలుకులోనే పెట్టి రాస్తారు. మిగతావి రచయిత్రినే అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి, సంతోషిస్తుంది.

పులిహోర విషయం అడిగి తెలుసుకోండి. మామూలు థియేటరైతే ఎగబడి తింటారు. యూదుల కమ్యూనిటీ సెంటర్‌లోనో సినగాగ్‌లోనో అయితే కోషర్ అనే ఆహార నియమాలుంటాయి, మన వంటింట్లో చేసింది ఎంత శాకాహారమైనా పనికిరాదు. కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్టు కొనుక్కెళ్లండి.

పాత పరిషత్తు:

తెరచాటు గారు చెప్పినవి బాగున్నాయి గానీ నాకో అభ్యంతరం. యూదుల నాటకంలో మనమెందుకండీ? వాళ్లలో నటులకి కరువా? మన బతుకమ్మ మీద నాటకం రాసుకుని వేరేవాళ్ల చేత చదివిస్తే మనకెలా ఉంటుంది? ఈమధ్య ఇక్కడ యూదు పాత్రలు యూదులే వెయ్యాలని సినిమాల విషయంలోనూ రభస జరిగింది కదా.

రెండోది, ఈ ప్రేక్షకుల అభిప్రాయాలతో నాటకం దిద్దడం నాకు మింగుడుపడదు. పదిమందీ తలా ఒక మాట అంటే నాటకం కలగూరగంప అవుతుంది.

తెరచాటు మనిషి:

మొదటిది న్యాయమైన ప్రశ్నే. మా దగ్గరా ఆ చర్చ నడిచింది. కుటుంబం పాత్రలకి వీలైనంత వరకు యూదు నటుల్నే తీసుకుంటారు, ప్రార్థన చదవాల్సిన పాత్రకి మరీను. కానీ కోడలు గారికి ఇచ్చింది నర్సు, రంగసూచనలు. ఇక్కడి నర్సుల్లో మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎంతమందో మీకు తెలియదా? రచయిత్రి నర్సుని ఎవరిగా ఊహించి రాసిందో ఒకసారి అడగమనండి, అది పాత్రకి పనికొస్తుంది.

రెండోదానికి వాళ్ల చరిత్రలోంచే ఒక సంగతి. షోలెం ఆష్ అనే యిడ్డిష్ రచయిత 1906లో తన కొత్త నాటకం "గాడ్ ఆఫ్ వెంజెన్స్"ని వార్సాలో పెరెట్జ్ ఇంట్లో చదివి వినిపించాడు. పెరెట్జ్ అంటే అప్పటి యిడ్డిష్ సాహిత్యానికి పెద్ద దిక్కు. వ్యభిచార గృహం నడిపే యూదుడు, అతని కూతురు ఇంకో అమ్మాయిని ప్రేమించడం, ఇదీ కథ. అంతా విని, తగలబెట్టెయ్ అన్నాడట పెరెట్జ్. ఆష్ తగలబెట్టలేదు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఆడింది. 1923లో బ్రాడ్‌వే మీద ఆడినప్పుడు అశ్లీలమని నటుల్ని అరెస్టు చేశారు. ఆ మొత్తం కథ మీద పౌలా వోగెల్ రాసిన "ఇన్‌డీసెంట్" 2017లో బ్రాడ్‌వేకి వచ్చింది.

ఇటువైపు "డిబ్బుక్" అనే పేరున్న యిడ్డిష్ నాటకం రాసిన ఆన్‌స్కీని చూడండి. రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ సలహా మీదే అందులో దూత పాత్ర కలిపాడని చెబుతారు. ఆ పాత్ర లేని డిబ్బుక్‌ని ఇప్పుడు ఊహించలేం. పాపం, దాన్ని వేదిక మీద చూసుకోకుండానే 1920 నవంబరులో పోయాడు. నెల తిరిగేసరికి విల్నా ట్రూప్ అనే యిడ్డిష్ నాటక బృందం వాళ్లు వార్సాలో వేశారు.

కాబట్టి వినిపించడం వేరు, విన్నవాళ్ల మాట నెత్తిన పెట్టుకోవడం వేరు. నేనైతే చర్చలో నోటితో చెప్పేదానికి పెద్ద విలువివ్వను. నాటకం జరుగుతున్నంతసేపూ ఎవరు ఎక్కడ కుర్చీలో కదిలారు, ఎక్కడ దగ్గు మొదలైంది, ఎక్కడ ప్రోగ్రాం కాగితం తిరగేశారు, అది చూస్తాను. జనం నోటితో మొహమాటపడతారు గానీ దగ్గుతో పడరు. అయిపోయాక రచయిత నా దగ్గరికే వచ్చి, ఫలానా పేజీలో ఏమైంది అని అడుగుతాడు.

చేబ్రోలు చిన్నోడు:

కొంచెం పక్కదారి, క్షమించాలి. మాది గుంటూరు జిల్లా చేబ్రోలు. పక్కనే కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం యూదులున్నారు, చిన్న సినగాగ్ కూడా ఉంది. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ, శనివారం పనికి సెలవు. యూదు నాటకం తెలుగులో రాయాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు.

తెరచాటు మనిషి:

చిన్నోడా, ముందు వాళ్లలోనే రాసే కుర్రాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. బయటివాళ్లం రాస్తే పరిషత్తు గారు మళ్లీ కర్ర పట్టుకొస్తారు.

కోడలు గారూ, మీ సంఘం సంగతి చెప్పడం మరిచాను. తప్పకుండా పెట్టండి. పండగ కార్యక్రమంలో మాత్రం కలపొద్దు. పిల్లల డ్యాన్సుల తర్వాత, భోజనాలకి ముందు పెడితే ఎవడూ వినడు. మీ ఊరి లైబ్రరీలో మీటింగ్ రూము దొరుకుతుంది, ఆదివారం మధ్యాహ్నం తీసుకోండి. ముప్పై కుర్చీలు చాలు. పూర్తి నాటకం అడక్కండి, తలా ఇరవై పేజీలు అడగండి. జడ్జీలు, షీల్డులు, ఉత్తమ నటి బహుమతులు పెట్టారా, అది రీడింగ్ కాదు, పరిషత్తే. రాసినవాళ్లని సన్మానించొద్దు, శాలువా కప్పాక ఎవరూ నిజం చెప్పరు. వాళ్ల పక్కింటివాళ్లని కాకుండా ముక్కూ మొహం తెలియనివాళ్లని పిలవండి.

రాక్‌విల్ కోడలు:

అందరికీ థాంక్సండీ. డైరెక్టరమ్మకి ఫోన్ చేశాను, హాలు థియేటర్‌దే కాబట్టి పులిహోర తెచ్చుకోవచ్చట. జీడిపప్పు వేస్తే చీటీ మీద రాసి పెట్టమంది.

ఇంతలో కొత్త పేజీలొచ్చాయి. నర్సు పాత్ర ఎగిరిపోయింది! ఆవిడ చెప్పే విషయాలన్నీ ఇప్పుడు కూతురికి ఫోనులో తెలుస్తాయి. అయ్యో అనిపించింది గానీ చదివి చూస్తే సీను నిజంగానే చురుగ్గా అయింది. నాకు రంగసూచనలే మిగిలాయి. మొదటి పేజీలో వంటింటి వర్ణనే అరపేజీ ఉంది, ఏ గిన్నె ఏ అరలో ఉందో సహా. ఇదంతా చదవాలా?

తెరచాటు మనిషి:

డైరెక్టరమ్మని అడగండి. మా దగ్గరైతే రెండు లైన్లకి కోస్తారు. కోషర్ ప్రకారం పాలకి, మాంసానికి గిన్నెలు వేరుగా పెట్టారని అందులో ఉంటే మాత్రం ఆ లైను పోనివ్వకండి, రెండో అంకంలో ఎవరో ఒకరు ఆ గిన్నె మారుస్తారు.